పెన్న నీళ్లు ఎటు పోయాయి?

నౌపడ ఉప్పుమళ్ల పక్కన పెరిగిన వాళ్లకు నీరు ఆవిరి కావడం గురించి పుస్తకం చూసి నేర్చుకోవలసిన పని లేదు. పోటుకు వచ్చిన సముద్రపు నీటిని కాలువ గుండా మళ్లలోకి పెడతారు. నీరు నాలుగు వేళ్ల లోతు కూడా ఉండదు. ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, కొన్నాళ్లకు నీరు పోయి ఉప్పు మిగులుతుంది. కూలికి వెళ్లిన మన వాళ్లు ఆ ఉప్పును పోగుచేసి గట్టు మీదికి మోస్తారు. ఉప్పు ఎంత అయింది, బస్తాకు ఎంత పలికింది అని అందరూ అడుగుతారు. పోయిన నీరు ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. సముద్రం పక్కనే ఉంది కదా, నీటికి లోటేమిటి?

మేము పీజీలో చేరి నదుల గురించి చదవడం మొదలుపెట్టాక ఆ అడగని ప్రశ్నే మాకు పెద్ద పాఠమైంది. సముద్రం నీరు ఉప్పుమడిలో ఆవిరైపోతే ఎవరికీ నష్టం లేదు. అదే పని ఒక ఎండుసీమ నది పరివాహక ప్రాంతంలో లక్షల ఎకరాల మీద జరిగితే ఆ నది ఏమవుతుంది? దీనికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. ఆ నది పేరు పెన్న. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు, తమ్ముళ్లు అడిగినప్పుడు కథో కవితో రాద్దామనుకున్నాము గాని అవి మాకు చేతకావు. చదువుకున్నదే రాస్తున్నాము. గ్రూప్స్‌కు తయారవుతున్న అన్నలకు కూడా అక్కడక్కడా పనికి రావచ్చు.

మన ఏరు, వాళ్ల ఏరు

మనకు తెలిసిన నది వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి 254 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వేసవిలో సన్నబడుతుంది గాని వానాకాలం వచ్చిందంటే గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని పేపర్లో చదువుతూనే ఉంటాము.

పెన్న దీనికి రెట్టింపు కంటే పొడవు, 597 కిలోమీటర్లు. కర్ణాటకలో నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండ దగ్గర పుడుతుంది. హిందూపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి వచ్చి, అనంతపురం సీమలో ఉత్తరంగా నడిచి, తూర్పుకు తిరిగి తాడిపత్రి, గండికోట, కడప సీమ దాటి, సోమశిల, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రం చేరుతుంది. జయమంగళి, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు, కుందేరు, సగిలేరు దీనికి ఉపనదులు. ఇంత పరివారం ఉన్న నది పరివాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. చూడబోతే పెద్ద కుటుంబమే. కాని ఇంట్లో తిండి గింజలు తక్కువ.

కారణం అందరికీ తెలిసిందే, వాన. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని అనంతపురానికి తేలికగా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకేమో ఆ ఊళ్లు తీరానికి దూరం. మన వైపు ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 550 దరిదాపు. వాన సగం కాబట్టి నదిలో నీరు కూడా సగం ఉండాలి కదా అని మేము మొదట అనుకున్నాము. అది తప్పు. సగం కంటే చాలా తక్కువ ఉంటుంది. ఎందుకో అర్థమైతే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే.

నది అంటే మిగులు

ఒక కూలి కుటుంబాన్ని తీసుకోండి. నెలకు వెయ్యి రూపాయల రాబడి, తొమ్మిది వందల ఖర్చు. నూరు రూపాయలు మిగులుతాయి. ఖర్చు ఇంకో యాభై పెరిగిందనుకుందాం. రాబడి తగ్గలేదు. ఖర్చు పెరిగింది కూడా నూటికి ఐదారు వంతులే. కాని మిగులు సగానికి పడిపోయింది. అదే ఇంటికి నెలకు రెండు వేల రాబడి, వెయ్యి మిగులు ఉంటే ఆ యాభై రూపాయలు లెక్కలోకే రావు.

నది ఆ మిగులు లాంటిది. వాన పడగానే మొదట నేల తాగుతుంది. తరువాత ఎండ, గాలి తమ వంతు తీసుకుంటాయి. చెట్టు, చేను వేళ్లతో పీల్చి ఆకుల గుండా గాలిలోకి వదులుతాయి. వీళ్లందరి వంతు పోగా మిగిలినదే వాగులోకి, ఏటిలోకి వస్తుంది. వాన ఎక్కువ పడే చోట మిగులు ఎక్కువ. పొడి సీమలో మిగులు పల్చన. అందుచేతనే అక్కడ మనిషి వాడకం కొంచెం పెరిగినా, వాన కొంచెం తగ్గినా ఆ దెబ్బ అంతా నది మీదే పడుతుంది.

ఎంత కొంచెమో లెక్క చూద్దాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. కాలువలో 11,574 క్యూసెక్కుల నీరు రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఒక టీఎంసీతో స్థూలంగా ఆరు వేల ఎకరాల వరి పండుతుంది. ఇప్పుడు పెన్న పరివాహక ప్రాంతం మొత్తం మీద ఒకే ఒక్క మిల్లీమీటరు మందాన నీరు పరిచామనుకోండి. 55,213 చదరపు కిలోమీటర్ల మీద ఒక మిల్లీమీటరు అంటే 5.52 కోట్ల ఘనపు మీటర్లు. టీఎంసీల్లోకి మారిస్తే దాదాపు రెండు. ఒక్క మిల్లీమీటరుకు రెండు టీఎంసీలు! చిటికెన వేలి మందం, అంటే పది మిల్లీమీటర్లు, అదనంగా ఆవిరైపోయేటట్టు వాడుకుంటే ఇరవై టీఎంసీలు పోయినట్టు. తుంగభద్ర ఎగువ కాలువ కింద మన రాష్ట్రానికి ఉన్న కేటాయింపు 32.5 టీఎంసీలు. దాని కోసం ఎన్ని ధర్నాలు, ఎన్ని సమావేశాలు జరిగాయో అనంతపురం వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆ నీరంతా కలిపినా పెన్న పరివాహకం మీద 17 మిల్లీమీటర్ల పొర మాత్రమే. ఈ లెక్క వేసిన రోజు మేము మళ్లీ మళ్లీ గుణించి చూసుకున్నాము, ఎక్కడో సున్నా తప్పు పడిందేమోనని.

తీసుకున్నది వేరు, పోగొట్టినది వేరు

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. వార్తల్లో ఈ రెండూ కలిపేస్తారు. మన హాస్టల్లో పొద్దున్నే వంద మంది స్నానం చేస్తారు. ట్యాంకు ఖాళీ అవుతుంది. ఆ నీరంతా పోయినట్టేనా? కాదు. కాలువలో పడి, వెనకనున్న అరటి మొక్కల దాకా పోయి, కొంత భూమిలోకి దిగి మళ్లీ ఏదో ఒక బావిలో తేలుతుంది. మురికి అయింది గాని లోకంలోనే ఉంది. దీన్ని తీసుకోవడం అందాము. అదే నీటిని చేనుకు పెడితే అందులో పెద్ద భాగం ఆకుల గుండా ఆకాశంలోకి పోతుంది. అది ఆ ఏటికి ఆ ఏడాది మళ్లీ రాదు. ఇది పోగొట్టుకోవడం. ఉప్పుమడిలో నీరు పోయి ఉప్పు మిగిలినట్టు, చేనులో నీరు పోయి గింజ మిగులుతుంది. గింజ మనకు కావాలి కాబట్టి దాన్ని దుబారా అనడానికి లేదు. కాని నది ఖాతాలో అది ఖర్చే.

అందువలన ఒక నది మీద మనుషుల ప్రభావం తెలియాలంటే ఎన్ని మోటార్లు తిరిగాయి, ఎంత నీరు తోడారు అన్నది చాలదు. ఎంత నీరు ఆవిరిగా పోయిందో చూడాలి. చెరువులో, జలాశయంలో నిలవ ఉన్న నీరు కూడా ఆవిరవుతుంది. అనంతపురం లాంటి చోట తెరిచి ఉన్న నీటి నుంచి ఏడాదిలో పైకి పోయేది అక్కడ వానగా కిందికి వచ్చే దానికి కొన్ని రెట్లు. లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉన్న జలాశయం ఒక పెద్ద ఉప్పుమడి అనుకోండి.

పెన్న ఒడ్డున ఒక తాత

పీజీ మొదటి ఏడాది ఏప్రిల్ నెలలో మేము ఏడుగురం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి ఈ నదిని చూశాము. ఆ రైల్లో సగం మంది బెంగుళూరు పనులకు పోయే మన సిక్కోలు వాళ్లే. గుత్తి దాటి అనంతపురం చేరేలోగా రైలు పెన్నను దాటుతుంది. నది వచ్చింది, నది వచ్చింది అని కిటికీ దగ్గరికి చేరి చూస్తే ఇసుక, తుమ్మచెట్లు, ఒకచోట గొర్రెల మంద. అంతే.

తాడిపత్రి దగ్గర బుగ్గ రామలింగేశ్వర ఆలయం పెన్న ఒడ్డునే ఉంది. విజయనగర కాలం నాటి కట్టడం, శిల్పం చూడడానికి రెండు కళ్లు చాలవు. లోపల లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది. బుగ్గ అంటే ఊట. గుడిలో ఊట, ఎదురుగా ఎండిన నది. ఈ వింత చూస్తూ మేము ఏటి గట్టున కూర్చుంటే గొర్రెలు కాసే తాత ఒకాయన వచ్చి పలకరించారు. ఆయన మాటలు మాకు సగం అర్థం కాలేదు. మాలో ఒకడు అలవాటు కొద్దీ "ఏటి తాతా?" అన్నాడు. మన యాసలో ఏటి అంటే ఏమిటి అని కదా. ఆయన ఏటి గురించి అడుగుతున్నాడనుకుని చెయ్యి చాచి ఇసుక చూపించారు. "ఇదే నాయనా ఏరు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తరువాత తాత చెప్పినది మాత్రం మా నోటు పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. "అప్పట్లో ఊటకాలవ ఉండె. సంకురాత్రి దాటినాక గూడా పారుతా ఉండె. ఇసకలో మూరెడు తవ్వితే నీళ్లు. ఇప్పుడు ఏట్లో నీళ్లు యాడుండాయి నాయనా? అన్నీ బోర్లలో ఉండాయి."

ఊటకాలువ అంటే మన వైపు తెలియని వాళ్లు ఎక్కువ. ఏటిలో పైకి నీరు కనబడకపోయినా ఇసుక కింద నీరు మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఆ ఇసుకలో పొడవుగా కాలువ తవ్వి, ఊరిన నీటిని వాలు మీద పొలాలకు మళ్లిస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఏటా ఊరంతా కలిసి పూడిక తీసుకోవాలి. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని వెంట ఇలా ఎన్నో ఊళ్లు బతికాయి. ఇవి ఎందుకు ఎండిపోయాయో తాత ఒక్క మాటలో చెప్పారు. మాకు దాన్ని పాఠంగా చదవడానికి ఒక సెమిస్టరు పట్టింది.

ఏరు, భూగర్భజలం వేరు వేరు కావు. వానాకాలంలో నేలలోకి ఇంకిన నీరు మెల్లగా వాలుకు దిగి ఏటిలోకి ఊరుతుంది. వాన ఆగిన తరువాత కూడా ఏరు పారడానికి కారణం ఇదే. చుట్టుపక్కల నేలలో నీటిమట్టం ఏటి అడుగు కంటే ఎత్తున ఉన్నంత కాలం నేల ఇచ్చేది, ఏరు పుచ్చుకునేది. ఎద్దులతో తోలే కపిల బావి కాలంలో తోడేది తక్కువ, మళ్లీ ఊరేది. తరువాత ఆయిలింజన్లు, ఆపై కరెంటు మోటార్లు, ఆపై బోర్లు వచ్చాయి. నీటిమట్టం ఏటి అడుగు కంటే కిందికి పోయింది. అప్పుడు వ్యవహారం తలకిందులవుతుంది. ఎగువన వాన పడి నీరు వచ్చినా, కింద ఖాళీగా ఉన్న నేల దాన్ని మింగేస్తుంది. ఏరు ఇచ్చేది, నేల పుచ్చుకునేది అవుతుంది. పైగా ఇసుకను లారీలకెత్తితే ఆ నీటిని దాచుకునే చోటు కూడా పోతుంది.

దీనికి రైతును తిట్టడం మాకు ఇష్టం లేదు. వేరుశనగ వానను నమ్ముకుని ఏళ్లకేళ్లు ఎండిపోయిన చోట, చీనీ చెట్లు పెట్టి బోరు వేసుకున్న వాడు చేసిన తప్పేమిటి? 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లకు హద్దులు పెట్టింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఒక చేత్తో తోడవద్దని, ఇంకో చేత్తో తోడుకోమని చెప్పినట్టయింది. కరెంటు ఉచితం అయినా బోరు ఉచితం కాదు. నాలుగు వందల అడుగుల్లో నీరు పోతే ఆరు వందలకు దించగలిగినవాడే నిలబడతాడు. దించలేనివాడి పొలం ముందు బీడు పడుతుంది. ఆ దించలేనివాడు ఎవరో, డి-పట్టా భూములు ఏ గుట్ట పక్కన, ఏ కాలువ చివర ఉంటాయో ఈ హాస్టల్లో చదివిన వాళ్లకు మేము చెప్పాలా?

చెరువు దోషాలు ఆరు

మనుషులు నీరు వాడుకోవడం కొత్త కాదు. పెన్న సీమ అంతా చెరువుల సీమ. చిత్రావతి మీద బుక్కపట్నం, ధర్మవరం చెరువులు పాతవి, పెద్దవి. ఒక చెరువు నిండి మరువ పారితే ఆ నీరు కింది చెరువుకు పోయేది. మరువ అంటే పుస్తకాల్లో రాసే అలుగు. కింది ఊరి వాళ్లు పై ఊరి మరువ ఎప్పుడు పారుతుందా అని ఎదురు చూసేవారు. పై వాడు మరువ ఎత్తు పెంచితే తగాదా.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పని చేశారట. దాన్ని గురించి చదివినప్పుడు మమ్మల్ని ఆపింది ఈ అంకెలు కాదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద చెక్కారు. కట్ట నుంచి నీరు కారడం ఒక దోషం. చౌడు నేల ఒకటి. చెరువు మధ్య మిట్ట ఉండడం ఒకటి. నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఒకటి. మిగిలిన రెండు చూడండి. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం దోషం. నీరు తక్కువై సాగు చేయవలసిన నేల ఎక్కువ కావడం దోషం. ఆరున్నర శతాబ్దాల కింద చెరువు గురించి చెప్పిన ఈ రెండు దోషాలూ ఇప్పుడు పెన్నకు మొత్తంగా పట్టాయి.

సరిహద్దు సంగతి చూద్దాం. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడూ కర్ణాటకలో పుట్టి వస్తాయి. 1892లోనే మైసూరు సంస్థానానికి, మద్రాసు ప్రభుత్వానికి మధ్య ఈ నదుల మీద ఒప్పందం జరిగింది. 2000ల మొదట్లో చిత్రావతి మీద బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట వివాదం వచ్చినప్పుడు ఆ పాత ఒప్పందాన్నే మళ్లీ బయటికి తీశారు. అనంతపురం పడమటి అంచున పారే వేదవతిది ఇంకో కథ. దీన్నే హగరి అంటారు. ఇది పెన్నలో కాక తుంగభద్రలో కలుస్తుంది గాని కష్టం ఒకటే. ఎగువన చిత్రదుర్గం సీమలో 1907లో వాణీ విలాస సాగరం కట్టారు. అది 1933లో నిండింది. మళ్లీ నిండింది 2022లో, 89 ఏళ్ల తరువాత. మూడు తరాల మనుషులు ఆ డ్యాం పొంగడం చూడకుండానే పోయారన్నమాట. దాని దిగువన మన రాష్ట్రంలో కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టుకు ఎన్నేళ్లు నీరు అంది ఉంటుందో ఊహించుకోండి.

వాన తప్పా, మనిషి తప్పా?

ఇక్కడ ఒక సందేహం న్యాయంగా వస్తుంది. నది ఎండితే అది వాన తగ్గినందువలనా, మనుషులు వాడినందువలనా? కరువు సీమ కాబట్టి అన్నిటికీ వానను తిట్టడం సులభం. దీన్ని తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పాత రికార్డుల్లోంచి ఒకే మోతాదు వాన పడిన రెండు సంవత్సరాలు ఏరుకోవాలి. ఒకటి చాలా కింద జరిగినది, ఒకటి ఈ మధ్యది. వాన ఇంచుమించు ఒకటే అయినప్పుడు ఏటిలో కొలిచిన నీరు కూడా ఒకటే ఉండాలి. తగ్గితే ఆ తగ్గుదలలో మనిషి చేయి ఉందని అనుమానించాలి. రెండేళ్లు చాలవు, వాన ఒకేసారి కుండపోతగా పడిందా, జల్లుగా పడిందా అన్నది కూడా లెక్కకు వస్తుంది. కాబట్టి ఎక్కువ ఏళ్లు తీసుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నీటిని కాపాడే పనులు కూడా ఏటి ప్రవాహాన్ని తగ్గిస్తాయి. 2000లో నీరు-మీరు మొదలైంది. చెక్‌డ్యాంలు, ఇంకుడు గుంతలు, నీటి కుంటలు వచ్చాయి. పడిన బొట్టు పడిన చోటే ఇంకాలి అన్నది మంచి మాటే, ఆ ఊరి బావికి బలం. కాని ఆ బొట్టు లేకపోతే ఎక్కడికి పోయేది? కింది చెరువుకు. కొత్త నీరు పుట్టలేదు, ఉన్న నీరు చోటు మారింది. బిందు సేద్యం కూడా ఇంతే. డ్రిప్పుతో ఎకరానికి తోడే నీరు తగ్గుతుంది, నిజమే. మిగిలిన నీటితో పక్కన ఇంకో ఎకరం చీనీ పెడితే మొత్తం ఆవిరి తగ్గలేదు, పెరిగింది. డ్రిప్పు వద్దని కాదు. ఎకరానికి ఎంత ఆదా అని కాక, ఏటి మొత్తానికి ఎంత మిగిలింది అని చూడాలని మా ఉద్దేశం.

అప్పు నీళ్లు

సొంత నీరు చాలనప్పుడు పక్కింటి నుంచి తెచ్చుకోవాలి. పెన్న సీమ చేసినది అదే. తుంగభద్ర ఎగువ కాలువ నీరు వచ్చి మధ్య పెన్నార్ జలాశయంలో పడుతుంది. హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలం నీటిని ఎత్తిపోసి 2012లో జీడిపల్లికి తెచ్చారు. 1983 ఒప్పందం ప్రకారం తెలుగు గంగ కాలువ కృష్ణ నీటిని వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా చెన్నై దాకా తీసుకుపోతుంది. ఈ నీటితో అనంతపురం సీమలో ఎందరి గొంతు తడిసిందో మేము కళ్లారా చూశాము. దాన్ని తక్కువ చేయడం లేదు.

కాని అప్పు ఇచ్చే ఇంటి సంగతి కూడా చూడాలి. తుంగభద్ర డ్యాం 1953లో నిండినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు పట్టేది 105 చిల్లర. 2024 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ రైతులు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో పేపర్లలో చదివాము. ఇక కృష్ణ. బచావత్ ట్రిబ్యునల్ నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక వస్తుందనుకునే నీటిని 2,060 టీఎంసీలుగా తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. కూడి చూడండి, చిల్లర కూడా మిగలదు. నదికి, సముద్రానికి అందులో వాటా లేదు. 2002 నుంచి 2004 వరకు కరువు వచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రం చేరిన నీరు దాదాపు లేదు. మన రాష్ట్రంలోకెల్లా పెద్ద డెల్టాల్లో ఒకటి ఎండిన కాలువలు చూసింది.

అమెరికాలో కొలరాడో నదికి కూడా ఇదే జరిగింది. 1922లో రాష్ట్రాలు పంచుకున్నప్పుడు వాళ్లు చూసుకున్న లెక్కలు బాగా వానలు పడిన ఏళ్లవి. ఉన్న దాని కంటే ఎక్కువ పంచేశారు. ఇప్పుడు ఆ నది మామూలు ఏళ్లలో సముద్రం ముఖం చూడదు.

సముద్రంలో కలిస్తే వృథాయేనా?

"ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు" అని ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది. మనం నౌపడ వాళ్లం, ఈ మాట మీద మనకు ఒక అభిప్రాయం ఉండాలి. ఉప్పునీరు నేలలోకి ఎంత దూరం వస్తుందో మనకు తెలుసు. తీరంలో భూమి కింద మంచినీరు, ఉప్పునీరు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నది నుంచి, నేల నుంచి మంచినీటి బలం తగ్గితే ఉప్పునీరు లోపలికి వస్తుంది. మనకు ఉప్పు పంట. డెల్టా రైతుకు అదే ఉప్పు నాశనం. నది తెచ్చే ఒండ్రు తీరాన్ని నిలబెడుతుంది. ఆ ఒండ్రు డ్యాముల వెనక ఆగిపోతే అల కోసిన గట్టును పూడ్చేవాడు లేడు. రొయ్య పిల్ల, చేప పిల్ల పెరిగేది మంచినీరు, ఉప్పునీరు కలిసే చోటనే. మన బీలలోకి తేలినీలాపురం పక్షులు మేతకు వచ్చేది అలాంటి నీటి కోసమే.

చైనాలో పసుపు నది 1972లో మొదటిసారి సముద్రం చేరకుండా ఎండిపోయింది. 1997లో 226 రోజులు చేరలేదు. పొడి ప్రాంతం, ఎగువ నుంచి దిగువ దాకా కాలువలు, ఎవరికి వారు తోడుకోవడం, కారణాలన్నీ పెన్నవే. 1999 నుంచి నది మొత్తానికి ఒకే సంస్థ నీటిని విడుదల చేసే అధికారం తీసుకుంది. ఏ రాష్ట్రం ఎప్పుడు ఎంత తీసుకోవాలో ముందే కట్టడి చేసింది. ఆ తరువాత నది మళ్లీ సముద్రం చేరుతూనే ఉంది. వాన పెరగలేదు, వాడకానికి హద్దు పడింది. మనకు అది అంత సులభమని మేము అనడం లేదు. అక్కడి ప్రభుత్వం వేరు, ఇక్కడ రాష్ట్రాల తగాదాలు వేరు.

ఎండిన నది చచ్చిన నది అనుకుంటే అదీ పొరపాటు. ఎండిన ఏటిలో మనుషులు ఇల్లు కడతారు, చేను వేస్తారు. 2021 నవంబరు 19న చెయ్యేరుకు వరద వచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ప్రాణాలు పోయాయి. నెల్లూరు దగ్గర పడుగుపాడులో పెన్న వరదకు రైలు కట్టే కొట్టుకుపోయింది. మనం వాడుకునేది చిన్న చిన్న ప్రవాహాలను. పెద్ద వరద మన లెక్కకు అందదు. అందువలన ఇలాంటి నదికి మధ్యస్థం పోయి రెండు కొసలే మిగులుతాయి, ఇసుక లేకపోతే వరద.

మన కాలువ చివర

చివరగా మన ఊరి మాట. గొట్టా బ్యారేజీ ఎడమ కాలువ టెక్కలి, సంతబొమ్మాళి వైపు వస్తుంది. శివారు ఆయకట్టు అంటే ఏమిటో మనలో చాలా మంది ఇళ్లలో తెలుసు. వంశధార మీద 115 టీఎంసీలను ఒడిశా, ఆంధ్ర చెరి సగం వాడుకోవాలని, నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చని 2017లో ట్రిబ్యునల్ చెప్పింది. తగాదా అక్కడితో ఆగలేదు. పోరుమామిళ్ల శాసనంలోని సరిహద్దు దోషం మన ఏటికీ ఉంది. వాన ఎక్కువ కాబట్టి మన మిగులు పెద్దది. అందుకే ఇంకా దెబ్బ కనబడలేదు.

సైన్సు చదివే తమ్ముళ్లు ఈ వేసవిలో ఒక పని చేసి చూడండి. మెస్సులో పాత కంచం ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి అడిగి తెచ్చుకోండి. రెండింటిలో ఒకే గ్లాసు కొలతతో నీరు పోసి మేడ మీద ఎండలో పెట్టండి. కాకులు తాగకుండా పైన వల కప్పండి. రోజూ సాయంత్రం మిగిలిన నీటిని మళ్లీ కొలిచి రాయండి. ఏది ముందు ఖాళీ అయింది, ఎన్ని గంటల్లో అయింది? తరువాత ఊరికి వెళ్లినప్పుడు మీ తాతను గాని అమ్మమ్మను గాని మన ఊరి చెరువు నిండి పొర్లడం చివరిసారి ఏ ఏడాది చూశావని అడిగి రాసుకురండి. తుపాను పేరు చెబితే ఏడాది మేము వెతికి పెడతాము. పది ఊళ్ల జవాబులు వస్తే వచ్చే సంచికలో పట్టిక వేద్దాము.